తెల్లపూత పైపు

చెల్లెలి మొగుడు పెరట్లో కొలిమి కడుతున్నాడన్న కబురు పెద్దమ్మాయికి ఫోనులో తెలిసింది. చెప్పింది చెల్లెలే. ఊరికే చెప్పలేదు, మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి నవ్వుతూ చెప్పింది.

"అక్కా, మా ఆయనకి కొత్త పిచ్చి పట్టిందే! పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి లారీ బ్రేక్ డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చాడు. దాన్లో బొగ్గులు పోస్తాడట. కింద పైపు పెట్టి, నేను జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో గాలి కొడతాడట. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఇలా తయారయ్యాడు."

"నాన్న ఏమన్నాడు?"

"నాన్నా? పొద్దుట్నుంచీ పెరట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అల్లుడు అడగడం, ఈయన చెప్పడం. నవ్వుతున్నాడే అక్కా! మన నాన్న!"

ఆ చివరి మాట దగ్గర పెద్దమ్మాయి కడుపు భగ్గుమంది. కొలిమికైతే బొగ్గు కావాలి, గాలి కావాలి. కడుపుమంటకి అవేవీ అక్కర్లేదు, దానంతటదే రాజుకుంటుంది. "మంచిదేలే, దుకాణంలో జనం ఉన్నారు" అని ఫోను పెట్టేసింది. దుకాణంలో ఒక్క పురుగు లేదు.

దుకాణం ఆమెది. పైపులు, కుళాయిలు, మేకులు, బోల్టులు, తలుపు గొళ్ళాలు, గోడకి కొట్టే కొక్కేలు. కొక్కేలు పాకెట్లలో వస్తాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. సామాను మోసే బండి మొగుడిది. ఆయన పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే ఇంటికి వస్తాడు, వచ్చాక మాట్లాడే ఓపిక ఉండదు. అందుకని పెద్దమ్మాయి కోపమైనా సంతోషమైనా ఆ ఇనప సామాన్ల మధ్యే పడి ఉండేది.

ఇప్పుడు పెరట్లో కుర్చీ వేసుక్కూర్చుని నవ్వుతున్న ఆ తండ్రి, ఒకప్పుడు పేరున్న కమ్మరి. వాళ్ళ చిన్నప్పుడు ఇంటి ముందు గదే కొలిమి. ఆ గదికి ఎత్తయిన గడప ఉండేది. ఒకరోజు పెద్దమ్మాయి ఆ గడప దాటి లోపలికి పరుగెత్తింది. కాలిన ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మ మీంచి లేచిన నిప్పురవ్వ వచ్చి మణికట్టు మీద పడింది. పాప పెట్టిన కేకకి వంటింట్లోంచి తల్లి పరుగున వచ్చింది. ఆ రోజు నుంచీ పాప గడప దగ్గరికి వస్తే చాలు, తండ్రి తల తిప్పకుండానే "గడప దాటకు" అనేవాడు. మచ్చ మానినా ఆ మాట మానలేదు.

దాటలేదు. కానీ అక్కడే కూర్చునేది. చెల్లెలు బొమ్మలు పెట్టుకుని ఆడుకుంటూంటే, ఈమె గడప మీద గడ్డం ఆనించి లోపలికి చూసేది. తండ్రి పట్టుకారుతో ఇనుము పట్టుకుని, మరో చేత్తో చిన్న సుత్తి పట్టుకుని నిలబడేవాడు. ఎదురుగా సమ్మెట మామ. పెద్ద సమ్మెట కొట్టే పని అతనిది కాబట్టి ఆ పేరు. తండ్రి చిన్న సుత్తితో ఎక్కడ తడితే మామ సమ్మెట అక్కడ పడేది. చిన్న సుత్తి దాగలి అంచు మీద రెండుసార్లు పడితే ఆగిపోయేది. ఏళ్ళ తరబడి ఆ మోత విని విని మామకి చెవులు పూర్తిగా పోయాయి. పిలవాలంటే భుజం తట్టాలి. పెద్దమ్మాయి అతని ఎదురుగా నిలబడి "కోతి మామా" అని పిలిస్తే, ఆశీర్వదించినట్టు నవ్వుతూ తలూపేవాడు.

తండ్రి పని చేస్తున్నంతసేపూ చెబుతూనే ఉండేవాడు. మామూలుగా నోరు మెదపని మనిషి కొలిమి ముందు మాత్రం గొంతు చించుకునేవాడు. "చూడు, కుంకుడు రంగులో ఉంటే ఇంకా రాలేదన్నమాట. పండిన నారింజ రంగు రానివ్వు. అప్పుడు కొట్టు." "కొక్కెం వంచేముందు మొన సాగదీయాలి. తర్వాత కాదు." "బొగ్గు ఒక్కసారే కుమ్మరించకు, నిప్పు ఉక్కిరిబిక్కిరి అవుతుంది." ఇంత విద్యా సమ్మెట మామకి పోసి, కన్నకూతురికి మాత్రం గడప చూపించాడే అని పెద్దమ్మాయికి ఉక్రోషంగా ఉండేది. సమ్మెట మామ మీద అసూయ పడ్డ మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. పాపం, ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

తల్లి పోయాక తండ్రి కొలిమి మూసేశాడు. పనిముట్లు ఎవరెవరికో ఇచ్చేశాడు. దాగలి ఒక్కటే ఉంచుకుని, చిన్నకూతురి ఇంటికి చేరాడు. అది ఆయన మంచం కింద గోనెపట్టా కప్పుకుని ఉండేది. ఎప్పటికైనా దాన్ని తన దుకాణం గుమ్మంలో పెట్టుకోవాలని పెద్దమ్మాయి ఆశ. అడగలేదు. అడిగితే ఇస్తాడేమో గానీ, అడక్కుండా ఇవ్వాలని ఆమె పంతం. అమ్మ అయినా అడగనిదే పెట్టదంటారు. ఆ సామెత ఆమెకి తెలియక కాదు.

మర్నాడు దుకాణం కాసేపు మూసి, చెల్లెలింటికి వెళ్ళింది. పెరట్లో అడుగుపెట్టగానే మొదట కనిపించింది దాగలి. మంచం కింద లేదు. దుంగ మీద ఎక్కి కూర్చుంది. ఎవరో నూనె గుడ్డతో తుడిచారు కూడా, నిగనిగలాడుతోంది. పెద్దమ్మాయి దాని వంక చూసింది, పుట్టింటి నగ చెల్లెలి మెళ్ళో చూసినట్టు.

మరిది మోకాళ్ళ దాకా పంట్లాం మడుచుకుని బంకమన్ను, ఇసుక, బూడిద కలిపి తొక్కుతున్నాడు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని, మెడ నొప్పి అని వాపోయే మనిషి. ఇప్పుడు చెవుల దాకా మట్టి పూసుకుని వెలిగిపోతున్నాడు.

"రండి వదినా! ఈ మట్టి డ్రమ్ము లోపల మెత్తాలి. లేకపోతే వేడి అంతా ఇనుమే తాగేస్తుందట. మామయ్యగారు చెప్పారు."

"బావుంది మరిదిగారూ. కమ్మరి వీధిలో సూదులమ్మడానికి బయల్దేరారన్నమాట."

మరిది పకపకా నవ్వాడు. వెక్కిరింతని వెక్కిరింతగా తీసుకునే తెలివి కూడా లేదే ఇతనికి అని ఆమెకి ఇంకా మండింది. తిట్టినా నవ్వేవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలి!

జామచెట్టు దగ్గర తండ్రి కుర్చీలోంచి ముందుకు వంగాడు. కళ్ళలో శుక్లాలు, గుండెల్లో పిల్లికూతలు, చొక్కా జేబులో పీల్చే మందు. అయినా గొంతులో ఏదో పాత ఖంగు. "మెత్తింది నీడలోనే ఆరాలి అల్లుడుగారూ. ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. తొందరపడకండి."

"అలాగే మామయ్యగారూ. మొదట కత్తి చేద్దామా?"

"కత్తీ లేదు, కటారీ లేదు. మొదట కొక్కెం. కొక్కెం చెయ్యగలిగినవాడికి ఇనుము మాట వింటుంది."

పెద్దమ్మాయి చూపు దాగలి మీదికి పోయింది. తన దుకాణంలో కొక్కేలు పాకెట్ల కొద్దీ ఉన్నాయి. చేత్తో చేసింది ఒక్కటీ లేదు. చెల్లెలు టీ తెచ్చేలోపే పని ఉందని లేచొచ్చేసింది. గుమ్మం దాటుతూంటే వెనక నుంచి తండ్రి "అప్పుడే వెళుతున్నావా" అన్నాడు. వినపడనట్టు నడిచింది.

రెండు రోజులు పోయాక మరిదే దుకాణానికి వచ్చాడు. చేతిలో బొమ్మ గీసిన కాగితం. డ్రమ్ము అడుగున బిగించడానికి జానెడు పైపు కావాలి, దానికి మూడు దారుల కీలు, బూడిద రాలడానికి కింద ఒక మూత.

పెద్దమ్మాయి రెండు రకాల పైపు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకటి నల్ల పైపు. మూలన పడి ఉండి కాస్త తుప్పు పట్టింది. రెండోది జీఐ పైపు, తుప్పు పట్టకుండా పైన తెల్లపూత వేసినది, వెండిలా మెరుస్తోంది.

"రెంటికీ తేడా ఏంటి వదినా? నాకేం తెలుసు, మీరే చెప్పండి."

ఆమెకి తేడా తెలుసు. చాలా బాగా తెలుసు. ఎవరో బకెట్టు పిడి విరిగిందని తెస్తే, తండ్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. "తెల్లపూత ఇనుము ఇది! ఇది నిప్పులోకి రాకూడదు. కాలితే తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే పొద్దుగూకేసరికి చలిజ్వరం, గుండె పట్టేసినట్టు దగ్గు. ముసలివాళ్ళకైతే ప్రాణాల మీదికొస్తుంది. గుర్తుపెట్టుకో!" గుర్తుపెట్టుకుంది.

"ఇది తీసుకోండి" అని మెరిసేదాన్ని ముందుకు తోసింది. "చూడ్డానికి కూడా బావుంటుంది."

"మీరంటే మీరే వదినా! మామయ్యగారు చెప్పనే చెప్పారు, ఇనుము గురించైతే పెద్దమ్మాయిని అడగమని." 

ఆ మాట ఆమె విన్నది. కానీ కుళ్ళు చెవికి మంచి మాట ఎక్కదు. నన్ను మంచి సలహాదారుని చేశాడు నాన్న, కొలిమి అతనికీ, కొట్టు నాకూ అనుకుంది. పైపుకి మర తీసి, నూనె రాసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. అతను థాంక్స్ చెప్పి, గుమ్మంలో రెండుసార్లు వెనక్కి తిరిగి చెయ్యూపి మరీ వెళ్ళాడు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మహా అయితే ఒక పూట జ్వరం అనుకుంది. రోగం కుదిరితే మళ్ళీ సుత్తి పట్టుకోడు అనుకుంది. నాన్న కుర్చీ దూరంగా, జామచెట్టు దగ్గర ఉంది కదా అని కూడా అనుకుంది. తప్పు చేసే మనిషికి కుర్చీ ఎక్కడుందో బాగానే గుర్తుంటుంది. పోనీ ఫోను చేసి పైపు మార్చమని చెబితే? ఎందుకు మార్చాలి అంటే ఏం చెప్పాలి? చెయ్యి ఫోను దాకా వెళ్ళి, దుప్పటి లాక్కుంది.

ఆదివారం పొద్దున్న చెల్లెలు పిలిచింది. "నిప్పు రాజేస్తున్నారే, రా!" పిలవకపోయినా వెళ్ళేదే. మరిది దగ్గుతూంటే చూడాలని వెళుతోంది. ఆ సంగతి తనకి తనే చెప్పుకోకుండా వెళుతోంది.

పెరట్లో కొలిమి సిద్ధంగా ఉంది. పాత టేబులు కాళ్ళ మీద డ్రమ్ము, దాని లోపల నున్నగా ఆరిన మట్టి, కింద పైపు, పైపు చివర చెల్లెలి గులాబీ రంగు మిషను. దండగ ఖర్చు ఏదీ కనపడదు, ముద్దుగా ఉంది. అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. మరిది అతి శ్రద్ధ మనిషి కదా, అందానికని పైపుకి కూడా చుట్టూ మట్టి పూశాడు. తెల్లపూత ఎవరికీ కనపడదు. వేళ్ళతో తడిమి చూసినా మట్టే తగులుతుంది.

తండ్రి కుర్చీ మాత్రం జామచెట్టు దగ్గర లేదు. కొలిమికి ఆనుకుని ఉంది.

"నాన్నా, అంత దగ్గరగానా? డాక్టరు ఏం చెప్పాడు?" అంది పెద్దమ్మాయి.

"డాక్టరు చెప్పింది పొగ గురించి. బొగ్గు బాగా అంటుకుంటే పొగ ఎక్కడే?" అన్నాడు తండ్రి. "దూరం నుంచి నాకు రంగు తెలీదు. ఇవాళ్టికి నిప్పు నేనే రాజేస్తా."

రాజేశాడు. వణికే చేతులు బొగ్గుల మీదికి వచ్చేసరికి వణకడం మానేశాయి. గుప్పెడు గుప్పెడుగా బొగ్గు పేర్చి, మధ్యలో గుంట చేసి, అంటించాడు. మరిది మిషను మీట నొక్కాడు. చెల్లెలు చప్పట్లు కొట్టింది. నిప్పు ఒళ్ళు విరుచుకుని లేచింది.

పెద్దమ్మాయి పెరటి తలుపు గడప మీదే నిలబడిపోయింది. అలవాటు. అక్కడి నుంచి చూస్తే డ్రమ్ము అడుగున పైపు బాగా కనిపిస్తోంది. దాని మీది మట్టి మెల్లగా నెర్రెలు విచ్చుతోంది. తండ్రి ఇనప కడ్డీని బొగ్గుల్లోకి తోసి, దాని రంగు చూడ్డానికి మొహాన్ని ఇంకా కిందికి, ఇంకా కిందికి వంచుతున్నాడు. ముక్కు దాదాపు నిప్పుల్లో పెట్టేలా ఉన్నాడు.

పైపు మీంచి మట్టి పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. లోపల వెండి మెరుపు. దాని మీంచి సన్నగా, పాలలాంటి తెల్లపొగ.

"ఆపండి!"

ఆమె ఎప్పుడు గడప దాటిందో ఆమెకే తెలీదు. తీగ పట్టి లాగితే మిషను గోడకి కొట్టుకుని ఆగింది. తండ్రి భుజాలు పట్టి కుర్చీతో సహా ఈడ్చింది. మరిది కంగారుగా నీళ్ళ బకెట్టు ఎత్తాడు.

"నీళ్ళు పొయ్యకండి! కాలిన డ్రమ్ము పగిలి మొహం మీద పడుతుంది. ఇసుక! ఇసుక వెయ్యండి! నువ్వు ముక్కు మూసుకోవే, అవతలికి పో!"

ఇసుక పడింది. నిప్పు అణిగిపోయింది. తండ్రి దగ్గుతున్నాడు, మందు పీల్చి మళ్ళీ దగ్గుతున్నాడు. పెద్దమ్మాయి ఆయన ముందు నేల మీద కూలబడింది. ఆమెకి ఆ ఒక్కో దగ్గూ సమ్మెట దెబ్బలా పడింది.

"అది జీఐ పైపు" అంది చివరికి. "తెల్లపూత."

"అయ్యయ్యో, తప్పు నాదే వదినా" అన్నాడు మరిది. మొహం పాలిపోయింది. "నేనే చూసుకోవాల్సింది. మీకూ తెలిసుండదు, పాపం..."

"తెలుసు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నల్ల పైపు పక్కనే ఉంది. తెలిసే ఇచ్చాను. మీరు నాన్నతో నవ్వుతూంటే చూడలేక ఇచ్చాను. ఓర్వలేక ఇచ్చాను."

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరిది బకెట్టు కింద పెట్టాడు, ఎక్కడ పెడుతున్నాడో చూసుకోకుండా. ఇప్పుడైనా తిడితే బావుండుననిపించింది ఆమెకి. ఆ మంచి మనిషికి తిట్టడం చేతకాలేదు.

తండ్రి ఊపిరి కూడదీసుకున్నాడు. "తెల్లపూత సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే."

"నేనెప్పుడు చెప్పాను?"

"నాకు చెప్పలేదు. నాకు ఎప్పుడైనా ఏదైనా చెప్పావా? గడప దాటకు అన్న ఒక్క మాట తప్ప! సమ్మెట మామకి చెబుతూంటే విన్నాను. బకెట్టు పిడి తెచ్చిన రోజు. నీళ్ళ సంగతీ, బొగ్గు సంగతీ, రంగుల సంగతీ, అన్నీ మామకి చెబుతూంటేనే విన్నాను."

తండ్రి ఆమె వైపు చూశాడు. ఆ మసక కళ్ళకి ఏం కనిపించిందో.

"వాడికి చెవులున్నాయటే?"

పెద్దమ్మాయి తలెత్తి చూసింది.

"వాడికి నా చిన్న సుత్తే మాట. అది ఎక్కడ పడితే అక్కడ కొట్టేవాడు. పక్కన పిడుగు పడ్డా వినపడని మనిషికి నేను గొంతు పోయేలా పాఠాలు చెబుతానా?" మళ్ళీ దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగాడు. "నీ చెయ్యి కాలిన రోజు మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది, పిల్లని గడప దాటనివ్వనని. సరే అన్నాను. నోరు కట్టేసుకుంటానని మాత్రం అనలేదు. గడప మీద ఎవరు కూర్చునేదో నాకు తెలీదా?"

మామకి వినపడదన్నది ఎదురుగా ఉన్న సంగతి. కోతి మామా అని పిలిచి నవ్వుకున్న సంగతి. ఇన్నేళ్ళూ ఆ చెవుడునీ, నాన్న పాఠాలనీ పక్కపక్కన పెట్టి చూడలేదు. చెవిటివాడి మీద అసూయ పడుతూ తన చెవులతో విన్నది ఎవరి కోసమో అడగలేదు.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అంది, చిన్నపిల్లలా.

"నువ్వు ఇనప కొట్టు పెట్టావు. అదే నీ జవాబు అనుకున్నాను. దాగలి మంచం కింద పెట్టుకుని కూర్చున్నాను, ఎప్పటికైనా అడుగుతావని. అల్లుడు అడిగాడు." తండ్రి పంచె అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. పొగకో, దేనికో. "బాగానే విన్నావు అమ్మాయ్. ఒక్క ముక్క పోలేదు. విన్నదంతా దాచుకుని దాచుకుని, మొదటిసారి వాడింది ఇందుకా?"

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె ఏడ్చేది, ఏడిస్తే కాస్త తేలికపడేది. ఏడుపు రాలేదు. మణికట్టు మీది పాత మచ్చని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చుంది.

సాయంత్రం తండ్రికి చలిజ్వరం వచ్చింది. చెల్లెలు మాట్లాడలేదు గానీ, వేణ్ణీళ్ళ గిన్నె అక్క చేతికే ఇచ్చింది. డాక్టరు వచ్చి చూసి, పొగ ఎక్కువగా పోలేదు కాబట్టి సరిపోయిందన్నాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది. దిగిందని తెలిశాకే పెద్దమ్మాయి లేచి దుకాణానికి వెళ్ళింది. మూలన ఉన్న నల్ల పైపుని తీసి, తుప్పు గీకి, మర తీసింది. బండి కోసం చూడలేదు. భుజాన వేసుకుని వీధంట నడిచింది.

పాత పైపు ఊడదీస్తూంటే మరిది వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఈసారి ఇది ఏ పైపు వదినా?" అన్నాడు.

"నల్లది. గీకి చూసుకోండి."

అతను నిజంగానే మేకుతో గీకి చూశాడు. మామూలుగా నవ్వేవాడు, నవ్వలేదు. ఆమె తప్పుపట్టలేదు.

కొలిమి మళ్ళీ వెలిగేసరికి వారం పట్టింది. ఈసారి తండ్రి కుర్చీని ఇంటి లోపలికి, పెరటి తలుపు గడపకి అవతల వేశారు. గాలి అటు రాదు. పెద్దమ్మాయి నిప్పు ముందు నిలబడింది, కడ్డీ పట్టుకారులో ఉంది, మరిది గాలి చూసుకుంటున్నాడు. మొదటి కొక్కెం అతను చేశాడు. ఒద్దికగా వంగింది. తన వంతు వచ్చేసరికి ఆమెది పక్కకి వాలి, తోక తెగిన బల్లిలా తయారైంది. అతని కొక్కెం వంక చూస్తే కడుపులో మళ్ళీ సన్నగా కాలింది. ఆ మంట తనకి ఎప్పటికీ పోదని ఆమెకి తెలిసిపోయింది. కడ్డీని మళ్ళీ బొగ్గుల్లోకి తోసింది.

"అమ్మాయ్" అని పిలిచాడు తండ్రి గడప అవతల నుంచి. "నిన్నే. వంచేముందు మొన సాగదీయాలని చెప్పానా లేదా?"

"చెప్పావు నాన్నా" అంది ఆమె, సుత్తి ఎత్తుతూ.